లేజర్ లైట్ కొంటున్నారా? ముందు మిల్లీవాట్లు అడగండి

ఈద్‌కి వచ్చిన ఈదీ డబ్బులతో మా అక్క కొడుకు అమీర్‌పేట మెట్రో కింద ఫుట్‌పాత్ మీద ఒక లేజర్ లైట్ కొన్నాడు. ఆకుపచ్చది. తాళంచెవితో ఆన్ అవుతుంది, మూతి తిప్పితే గోడంతా చుక్కలు. "మామూ, ఎదురు బిల్డింగ్ దాకా పోతది చూడు" అని ఒకటే సంబరం. తీసుకుని చూస్తే లైట్ మీది స్టిక్కర్‌లో 5 మిల్లీవాట్లు, అట్టపెట్టె మీద 100 మిల్లీవాట్లు. బిల్లు లేదు. అడుగుదామని మర్నాడు వెళ్తే ఆ బండే లేదు.

ఆ రెండు అంకెల మధ్య తేడా చిన్నది కాదు. 1 మిల్లీవాట్ లోపు ఉంటే దాన్ని క్లాస్ 2 అంటారు. వెలుగు కంట్లో పడగానే పావు సెకనులో రెప్ప వాలుతుంది కాబట్టి మామూలుగా హాని ఉండదు. పందెం వేసుకుని అలాగే చూస్తూ కూర్చుంటే మాత్రం ఆ రక్షణ పోయినట్టే, పిల్లలు సరిగ్గా ఆ పనే చేస్తారు. 5 మిల్లీవాట్ల దాకా క్లాస్ 3ఆర్. 5 నుంచి 500 దాకా 3బి. ఈ క్లాసులో పవర్ పెరిగేకొద్దీ రెప్ప వాలేలోపే రెటీనా కాలిపోయే ప్రమాదం ఉంది. నొప్పి కూడా తెలియదు. చదువుతుంటే అక్షరాల మధ్యలో మచ్చ కనిపించినప్పుడే తెలుస్తుంది. అన్నట్టు, ఆ తాళంచెవి షోకు కోసం పెట్టేది కాదు. ఐఈసీ 60825-1 అనే అంతర్జాతీయ ప్రమాణం 3బి, 4 క్లాసుల లేజర్లకు తాళం తప్పనిసరి చేసింది. అంటే తాళం ఉన్నది పిల్లల వస్తువు కాదని అర్థం.

ఆకుపచ్చ లేజర్‌తో ఇంకో చిక్కు ఉంది. చాలా పాయింటర్లలో ముందు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ పుడుతుంది, దాన్ని లోపలి స్ఫటికం ఆకుపచ్చగా మారుస్తుంది. మిగిలిన ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపడానికి ఒక ఫిల్టర్ ఉండాలి. చవక సరుకులో అదే ఎగ్గొడతారు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ పరీక్షించిన ఒక చవక పాయింటర్ పచ్చగా మసగ్గానే వెలిగింది, కానీ దాదాపు 20 మిల్లీవాట్ల ఇన్‌ఫ్రారెడ్ వదిలింది. వెలుగు తక్కువుంది కదా, పర్వాలేదు అనుకోవడానికి లేదన్నమాట. ఎర్ర లేజర్‌లో ఈ గొడవ లేదు.

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు కోచింగ్‌లలో పాఠం చెప్పేవాళ్లకు పాయింటర్ నిజంగానే అవసరం. 1 మిల్లీవాట్ లోపు ఎర్రది క్లాస్‌రూమ్‌కు సరిపోతుంది. పెద్ద హాలైతే అంతే పవర్‌లో మంచి కంపెనీ ఆకుపచ్చది తీసుకోండి. మన కన్ను పచ్చకాంతిని ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి అది ఎర్రదానికంటే సుమారు 8 రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది. గోడకు టీవీ ప్యానెల్ ఉంటే మాత్రం లేజర్ చుక్క సరిగా కనపడదు, డబ్బులు దండగ.

ఇక దుకాణం సంగతి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఎక్కడ కొన్నా ఒకటే పరీక్ష: "భాయ్, బిల్లు మీద మోడల్, క్లాస్, మిల్లీవాట్లు రాసిస్తారా?" అని అడగండి. రాసిచ్చేవాడి దగ్గర కొనండి. "అగ్గిపుల్ల కూడా అంటుకుంటది" అని గొప్పలు చెప్పేవాడి దగ్గర్నుంచి వచ్చేయండి. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ, ఫిర్యాదు నంబర్ ఉండాలి, అది చట్టం. ఆన్‌లైన్‌లో కొన్నా ఇవే చూడండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసులకు ఫీజు లేదు. కానీ చేతిలో బిల్లు ఉంటేనే మాట నిలబడుతుంది.

ఎవరి కంట్లోనైనా గట్టి లేజర్ పడితే, చూపు బాగానే ఉందనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్ దగ్గర. మందుల షాపులో చుక్కల మందు కొని వేసి ఊరుకోకండి, దానితో రెటీనా గాయం మానదు. ఆ లేజర్‌నూ, దాని అట్టపెట్టెనూ వెంట తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది ఎన్ని మిల్లీవాట్లనే.