డ్రైవర్ మీద రాసిన వాట్లు శబ్దం కాదు

చిన్న కెఫేకి సబ్‌వూఫర్ పెట్టాలనుకునేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఎక్కువ వాట్లది తీసుకో, బాస్ అదిరిపోతుంది. ఈ మాట నమ్మి, ఇరవై కుర్చీలు పట్టే గదికి కార్లలో బిగించే 12 అంగుళాల డ్రైవర్‌ను (డబ్బాలో బిగించే స్పీకర్‌ను) కొంటారు, దాని మీద 1000 వాట్లని ఉంది కాబట్టి. దానికి తగిన యాంప్లిఫయర్‌కి మళ్లీ ఖర్చు. తీరా మోగిస్తే దరువు విడివిడిగా వినిపించదు, అంతా ఒకటే మోత. చాలడం లేదని వాల్యూమ్ పెంచుతూ పోతే చివరికి కాయిల్ కాలిన వాసన. ఇంత డబ్బు వృథా కావడానికి మూలం ఆ అంకెను తప్పుగా చదవడమే.

డ్రైవర్ మీది వాట్లు అది కాలిపోకుండా ఎంత పవర్ తట్టుకోగలదో చెబుతాయి, ఎంత శబ్దం ఇస్తుందో చెప్పవు. శబ్దం సంగతి చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. 86 డెసిబెల్స్ డ్రైవర్ తనకిచ్చిన పవర్‌లో పావు శాతాన్నే శబ్దంగా మారుస్తుంది, 96 డెసిబెల్స్‌ది రెండున్నర శాతాన్ని. మిగిలిందంతా వాయిస్ కాయిల్‌లో వేడి. అంటే మొదటిదానికి 300 వాట్లు పోస్తే వచ్చే శబ్దం రెండోదానికి 30 వాట్లకే వస్తుంది. పైగా కాయిల్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి, శబ్దం ఇంకా తగ్గుతుంది. డేటాషీట్ చదివేటప్పుడు ఇంకొకటి గమనించండి. సెన్సిటివిటీని 2.83 వోల్టుల దగ్గర చూపిస్తే, 8 ఓమ్‌ల డ్రైవర్‌కు అది 1 వాట్, 4 ఓమ్‌లదానికి 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల డ్రైవర్ అంకెలోంచి 3 డెసిబెల్స్ తీసేసి పోల్చాలి.

96 లాంటి సెన్సిటివిటీ ఉండేది సభల్లో, కచేరీల్లో వాడే పీఏ డ్రైవర్లకు. వాటి అంకె కాస్త పై స్వరాలకే వర్తిస్తుందని, బాగా కిందికి దిగేది కారు సబ్‌వూఫరేనని కొందరు అంటారు. నిజమే, కానీ కారులో. చిన్న డబ్బా, లోతైన బాస్, మంచి సెన్సిటివిటీ, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. కారు సబ్‌వూఫర్ మూడోదాన్ని వదులుకుంటుంది, ఎందుకంటే మూసిన కారు లోపలి గాలి సుమారు 60, 70 హెర్ట్జ్ నుంచి కిందికి బాస్‌ను తానే పెంచుతుంది. 6 మీటర్ల గదిలో ఆ సాయం 28 హెర్ట్జ్ దిగువనే మొదలవుతుంది. తలుపు తెరిచి ఉంచే కెఫేలో అదీ దక్కదు. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ పలికేది 41 హెర్ట్జ్. 40, 45 వరకు శుభ్రంగా దిగే డ్రైవర్ కెఫే పాటలకు సరిపోతుంది.

పెద్ద కోనే మేలన్న నమ్మకంలో మాత్రం నిజముంది, ఒప్పుకోక తప్పదు. బాస్ అంటే గాలిని కదిలించడమే. సుమారు 340 చదరపు సెంటీమీటర్ల 10 అంగుళాల కోన్ చేసే పనిని, 850 ఉన్న 15 అంగుళాల కోన్ సగం కన్నా తక్కువ కదిలి చేస్తుంది. కదలిక తగ్గితే శబ్దం చెదరదు. కానీ దాని డబ్బా ఒక టేబుల్ స్థలం తినేస్తుంది. అందుకే కెఫేకి నా ఓటు రెండు 10 అంగుళాలవాటికి. రెండూ కలిస్తే ఒక 12 కన్నా ఎక్కువ గాలిని తోస్తాయి. 4 మీటర్ల వెడల్పు గదిలో 43 హెర్ట్జ్ దగ్గర గోడల పక్కన మోత, మధ్య టేబుళ్ల దగ్గర వెలితి ఏర్పడతాయి. ఆ రెండు గోడల దగ్గరా ఎదురెదురుగా చెరొకటి పెడితే ఈ తేడా బాగా తగ్గుతుంది.

ఇలాంటి నమ్మకాలు ఇంకొన్ని ఉన్నాయి. బాస్ రావడానికి గది పొడవుగా ఉండాలన్నది తప్పు, ఇయర్‌ఫోన్‌లోనూ బాస్ వస్తుంది. కాగితం కోన్ నాసిరకమన్నదీ తప్పే, పేరున్న పీఏ డ్రైవర్లలో చాలావాటికి ఉండేది అదే. పెట్టెల మీద రాసే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అంకెకు అర్థమే లేదు.

శబ్దం కొలిచే మీటర్‌లో 55 డెసిబెల్స్ దాటలేదు కాబట్టి పొరుగువాళ్లకు ఇబ్బంది లేదనుకోకండి. మన దేశంలో వాణిజ్య ప్రాంతాల్లో రాత్రి 10 తర్వాత చట్టం పెట్టిన హద్దు అదే, కానీ దాన్ని కొలిచే ఏ-వెయిటింగ్ పద్ధతి 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మీటర్ ఊరుకున్నా పైఅంతస్తు నేల అదురుతూనే ఉంటుంది. డబ్బా కింద రబ్బరు వేయండి, పైవాళ్ల గదిలోకి వెళ్లి ఒకసారి వినండి.

డ్రైవర్ కొనేటప్పుడు సెన్సిటివిటీతో పాటు ఎఫ్ఎస్ (కోన్ సహజ కంపనం), క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణుగుతుందో), వీఏఎస్ (కోన్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం), ఎక్స్‌మ్యాక్స్ (కోన్ శుభ్రంగా కదలగల దూరం) అడగండి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, రిచర్డ్ స్మాల్ 1970లలో స్థిరపరిచిన లెక్కలివి. డబ్బా కొలతను తేల్చేది ఇవే. క్యూటీఎస్ 0.3, 0.4 మధ్య ఉంటే పోర్ట్ ఉన్న డబ్బా, 0.5 దాటితే మూసిన డబ్బా నప్పుతుంది. ఈ అంకెలు చూపించలేని డ్రైవర్‌ను, దాని మీద ఎన్ని వేల వాట్లని రాసి ఉన్నా, కొనకండి.