చేని కంచెకు చేవగల గుంజలు
నిజామాబాదు, బోధను ప్రాంతముల వ్యవసాయదారుల ఉపయోగార్థము

రైతు పంటకు చేయు వ్యయములో విత్తనము, ఎరువు, కూలి, దున్నకము అన్నియు లెక్కకు వచ్చును. కంచె వ్యయము మాత్రము ఒకసారి చేసి మరచిపోవుట వాడుక. మూడవ యేటనో నాలుగవ యేటనో గుంజలు ఒకటొకటిగా ఒరిగి, ముండ్లతీగ నేలబడి, ఆ సందున అడవిపందుల మంద చేనిలో దిగిన రాత్రి గాని అది జ్ఞాపకమునకు రాదు. పందులు తినునది కొంతయే; త్రొక్కి పడవేయునది అంతకంటె ఎక్కువ. పడిన చెరకు మరల నిటారుగా లేవదు. కొరికిన గడ పులిసి, ప్రక్క గడలకును చెరుపు తెచ్చును. ఆ నష్టమును చూచిన రైతు తీగను నిందించును, కూలివానిని నిందించును. చూడవలసినది గుంజ మొదలు.

మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణముతో బోధను ప్రాంతపు భూములకు కాలువనీరు వచ్చెను. ఆ నీటిని నమ్మియే 1937లో బోధనునొద్ద శక్కరునగరున నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. అది 2015లో మూతబడిన పిమ్మట చెరకు మళ్లు తగ్గి, వరియు సోయాయు పెరిగినవి. పంట మారినను కంచె యక్కర మారలేదు. నేలలోని తడియు మారలేదు. మెట్టచేనిలో పదియేండ్లు నిలిచిన గుంజ కాలువక్రింది చేనిలో అంతకాలము నిలువకపోవుటకు కారణము ఈ తడియే.

కూలిన గుంజను పెరికి చూచినయెడల ఒక సంగతి తెలియును. అడుగుకొన చాలవరకు గట్టిగానే యుండును. నేలపైని భాగమును గట్టిగానే యుండును. చివికినది నేలమట్టమునకు కొంచెము పైన, కొంచెము క్రింద, జానెడు మేర మాత్రమే. కర్రను తిను బూజునకు తడియు గాలియు రెండును కావలెను. లోతున తడి యున్నను గాలి చాలదు. పైన గాలి యున్నను తడి నిలువదు. ఆ జానెడు మేరలో రెండును కలసి దొరకును. ఎర్రచెలకలలో దీనికి తోడు చెదలు చేరును. నల్లరేగడిలో చెదలబాధ అంత కనబడకున్నను, నేల వేసవిలో నెరలు విచ్చి వానకు ఉబ్బుచు గుంజను కదలించును. ఆ సందున నీరు దిగి మొదటికి చేరును.

ఇక ఏ కర్ర ఎంతకాలము నిలుచునను ప్రశ్నకు చెట్టు పేరు సగము సమాధానము మాత్రమే. చాల చెట్లను కోసినపుడు నడుమ ముదురు వర్ణముగల చేవయు, చుట్టును పాలిపోయిన తెల్లచెక్కయు కనబడును. చెట్టు బ్రదికియున్నంతకాలము నీటిని మోయునది తెల్లచెక్క. దానిలో పిండిపదార్థము నిలువయుండును గనుక పురుగునకును బూజునకును అది మంచి ఆహారము. చేవలోనైతే చెట్టు తానే కొన్ని చేదు పదార్థములను, నూనెలను చేర్చి యుంచును; చెదలు వానిని సహింపవు. కావున టేకు తెల్లచెక్క మామిడికర్ర కంటె మేలుకాదు. టేకు గుంజయని ధరపెట్టి కొని, రెండేండ్లకే చివికెనని వగచు రైతు మోసపోయినది చెట్టు పేరువలన గాదు. చేవ ఎంత యున్నదో చూడకపోవుటవలన.

ఈ లెక్క ప్రతి రైతును ఒకసారి చేసి చూడదగినది. నాలుగంగుళముల లావుగల లేతగుంజకు చుట్టును అంగుళము మందము తెల్లచెక్క యున్నచో, నడుమ మిగులు చేవ రెండంగుళముల లావు మాత్రమే. తెల్లచెక్క చివికిన తరువాత మిగులు కర్ర నాలుగవవంతు. ప్రక్కనుండి త్రోపు వచ్చినపుడు విరుగకుండ నిలుచు బలము ఎనిమిదవవంతు. పైగా గుంత వదులై గుంజ ఊగును. ఆరంగుళముల గుంజకు అంతే తెల్లచెక్క యున్నను నాలుగంగుళముల చేవ మిగులును. అందుచేత లేత బాదులు నూరు కొనుటకంటె, ముదురు దుంగను నిలువున చీల్పించి తెల్లచెక్కను బాడిశతో చెక్కివేయించిన గుంజలు అరువది కొనుట లాభము. చీల్చిన గుంజ చూపునకు వంకరగా నుండవచ్చును. కంచెకు అందముతో పనిలేదు.

ఈ ప్రాంతమున దొరకు కఱ్ఱలలో టేకు, పెద్దేగి మొదటి తరగతివి. డెహ్రాడూనునందలి అటవీ పరిశోధనాలయమువారు కర్రముక్కలను సగము నేలలో పాతి, ఎన్ని నెలలకు చెడునో చూచి మూడు తరగతులు ఏర్పరచిరి. నూటయిరువది నెలలు, అనగా పదియేండ్లు, అంతకు మించి నిలిచినవి మొదటి తరగతి. అయిదేండ్లనుండి పదియేండ్లవరకు రెండవది. అయిదేండ్లకు లోబడినవి మూడవది. ఇది చిన్న ముక్కల చేవకు కట్టిన లెక్క గనుక లావుగల గుంజ ఇంకను ఎక్కువకాలము ఉండవచ్చును. మామిడి, బూరుగు మూడవ తరగతిలోనివి. పెద్దేగిని గుర్తించుట సులభము: దాని చేవముక్కను గిన్నెడు నీటిలో నానవేసినచో నీరు పసుపువన్నె యై, వెలుతురున నీలిచ్ఛాయ మెరయును. మధుమేహరోగులు ఆ కర్రతో చేసిన లోటాలలో నీరు నిలిపి త్రాగుట ఇందువలననే చాలమంది యెరుగుదురు.

నారయేపి, చండ్ర దొరికినచోట వదలరాదు. ఇవి మేకు దిగనంత గట్టివి. ముందుగా బరమాతో బెజ్జము వేసికొనవలెను. నల్లమద్ది చేవ మంచిదే గాని పచ్చిగా పాతిన నెరలు విచ్చును. నల్లతుమ్మ చెరువుశిఖములలోను గట్లమీదను విరివిగా పెరుగును గనుక బీదరైతునకు అందుబాటులోనిది. దాని ఎర్రని చేవ కొన్నియేండ్లు నమ్మదగినది. తెల్లచెక్కను మాత్రము పుచ్చుపురుగు ఒక్క యేటిలోనే పిండిచేయును, కావున చెక్కి పాతవలెను. జామాయిలు, సుబాబులు, సరుగుడు బాదులు చవుకగా దొరకును, తిన్నగా నుండును. లేత వయసున కోయుదురు గనుక వానిలో చేవ స్వల్పము. మందు పట్టింపక వానిని నేలలో పాతుట డబ్బును పాతుటయే. వెదురును నేల తగిలిన చోట రెండు మూడేండ్లకు మించి ఆశింపరాదు.

టేకు చెట్టు తన పట్టాభూమిలోనిదే యైనను కోయుటకును బండిమీద తరలించుటకును అటవీశాఖవారి అనుమతి కావలెను. ఇతర చెట్ల నరకుటయు 2002 సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టమునకు లోబడియుండును. అనుమతిలేని కర్ర చవుకయని కొనినవాడు కర్రను పోగొట్టుకొని జరిమానాయు చెల్లింపవలసివచ్చును. కొన్న కర్రకు రసీదు తప్పక పుచ్చుకొనవలెను.

మందు పట్టించుట యను విషయమున తెలుగువారు గర్వింపదగిన సంగతి ఒకటి కలదు. రాగి, క్రోమియము, పాషాణము కలిపి కర్రలో ఎక్కించు మందును 1933లో డెహ్రాడూను పరిశోధనాలయమున కనిపెట్టినవారు సొంఠి కామేశంగారు. ఆ మందు ప్రపంచమంతటను తంతిస్తంభములకును కంచెగుంజలకును వాడుకలోనికి వచ్చెను. ఇందులో విశేషమేమనగా, మందును పీల్చుకొనునది చేవ గాదు, తెల్లచెక్కయే. కనుక స్వభావముచేత బలహీనమైన భాగమే మందుచేత బలపడును. చేవకు మందు అక్కరలేదు, ఎక్కదు. అయితే అది పాషాణముగల మందు. గాలి లేని ఇనుపగొట్టములో ఒత్తిడితో కర్మాగారమునందే ఎక్కింపవలెను గాని ఇంటివద్ద పూయదగినది కాదు. అమెరికాలో ఇండ్లవద్ద వాడు కర్రకు దీనిని 2003 చివరనుండి మానిరి. అట్టి గుంజ పాతబడిన తరువాత పొయ్యిలో పెట్టరాదు. దాని పొగయు బూడిదయు విషము.

ఇంటివద్ద చేయు ఉపాయములలో గుంజ మొదలు కాల్చి పాతుట అన్నిటికంటె వాడుకైనది. పైపొర మసియగును, లోపలి కర్రకు రక్షణ కలుగదు. మసిలో విచ్చిన నెరలగుండ తడి లోనికి పోవును. పచ్చికర్రకు తారు పూసినచో లోపలి తడి బయటికి రాలేక అక్కడనే కుళ్లును. ఆరిన కర్రకు పూసిన కొంత మేలు. బండి ఇంజను పాతనూనె పైననే నిలుచును, చేనిమట్టిని చెరుపును. గుంజను తలక్రిందుగా పాతిన ఎక్కువకాలము నిలుచునను మాట గ్రామములలో వినబడును. కాలము పెంచునది తల మొదలు కాదు, చేవయే. అమెరికాలో ఓరిగాను రాష్ట్రపు కార్వాలిసు పట్టణమునొద్ద 1927లో ఆరంభించిన గుంజల తోటలో పలుజాతుల గుంజలు పాతి దశాబ్దములపాటు పరీక్షించినపుడును ఇదే తేలెను.

గుంజలెన్ని కావలెను? ఎకరము చదరముగా నున్నచో చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పదేసి యడుగులకు ఒకటి చొప్పున 84 గుంజలు పట్టును. అయిదెకరములు ఒకే చదరముగా నున్నచో చుట్టుకొలత సుమారు 1867 అడుగులు, గుంజలు 187. ఎకరమునకు 37 మాత్రమే. కావున ఇరుగుపొరుగు పట్టాదారులు కలసి ఒకే కంచె వేసికొనుట మిక్కిలి లాభము. వ్యయము ఎవరెంత భరింతురో, మరమ్మతు ఎవరిదో ముందుగా కాగితముపై వ్రాసికొని, సర్వే హద్దురాళ్లు చూచుకొని పాతవలెను. హద్దు దాటిన ఒక్క గుంజనుబట్టి తరములు సాగిన వ్యాజ్యములు కచేరీలలో కొల్లలు. బండిబాటను, కాలువగట్టును ఆక్రమింపరాదు.

కర్రను పంట కోతలైన పిమ్మట, నేల ఆరియున్న నెలలలో కొట్టి, బెరడు వెంటనే ఒలిచి, నేల తగులకుండ రాళ్లపై పేర్చి నీడలో ఆరనీయవలెను. బెరడుక్రిందనే పురుగు గ్రుడ్లు పెట్టును. గుంజ తలను ఏటవాలుగా కోసినచో వాననీరు నిలువక జారిపోవును. ఏడడుగుల గుంజకు రెండడుగులు, రేగడిలో రెండున్నర యడుగుల లోతు కావలెను. మూలగుంజలు లావుగా నుండి మూడడుగులు దిగవలెను. తీగ బిగింపును మోయునవి అవియే గనుక లోపలివైపు ఊతకర్ర పెట్టవలెను. గుంత అడుగున నాలుగంగుళములు కంకర పోసి, గుంజ నిలిపి, చుట్టును మొరము కొద్దికొద్దిగా పోయుచు దిమ్మిసతో కొట్టవలెను. త్రవ్విన రేగడినే మరల పూడ్చుట తప్పు. పైన మట్టిని బోర్లించిన మూకుడువలె ఎత్తుచేసినచో నీరు గుంజకు దూరముగా పారును. కొందరు సిమెంటు పోయుదురు. సిమెంటు గిన్నెవలె నీటిని పట్టి, ఆ జానెడు మేరనే చివుకజేయును. రాతి కడీలు చేరువలో దొరకు గ్రామములవారు మూలలకు కడీలును నడుమ కర్రగుంజలును వాడుట తగును.

పందులకు అడ్డు కావలెనన్న క్రింది తీగ నేలకు జానెడు లోపుననే యుండవలెను; పంది దూకుటకంటె క్రిందినుండి దూరుటకే చూచును. అట్టిచోట గుంజలమధ్య దూరము ఆరడుగులకు తగ్గింపవలెను. ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. పందులకని కంచెతీగకు కరెంటు తీగను నేరుగా తగిలించుట నేరము. తడిసిన కర్రగుంజ విద్యుత్తును ఆపలేదు. అట్టి తీగలు తగిలి పందులకంటె ముందు ఎడ్లును, పొరుగు రైతులును, రాత్రి నీరు కట్టపోయిన ఆ చేని యజమానులే కొందరును ప్రాణములు విడిచిరి. సూర్యరశ్మితో పనిచేసి, ఆగి ఆగి క్షణమాత్రము తాకు యంత్రపు కంచె వేరు. అది నియమానుసారము అమర్చినచో ప్రాణము తీయదు.

గుంజలు కొనలేనివారు గుంపెన, గిరిపుష్పము కొమ్మలను తొలకరిలో నాటినచో అవి వేరూని బ్రదికిన గుంజలగును. గిరిపుష్పపు ఆకు వరిమడికి పచ్చియెరువు. చెట్టునకు మేకు నేరుగా కొట్టినచో బెరడు తీగను మింగును. నడుమ చిన్న కర్రపేడు ఉంచి కొట్టవలెను.

వానకాలము వెళ్లిన తరువాత ఒకసారి ప్రతి గుంజను చేతితో త్రోసి చూచి, మొదట మట్టి తొలగించి కత్తిమొనతో పొడిచి చూడవలెను. మొన సులభముగా దిగిన గుంజను తీగ పడకముందే మార్చవలెను. చెదలు కట్టిన మట్టిదారిని గీకివేయవలెను. నేలమట్టమున విరిగినదాని పైభాగము గట్టిగా నుండును. మూలగుంజకు ఊతకర్రగా అది ఇంకను కొన్నియేండ్లు పనికివచ్చును.