షాహిద్, షహీద్: ఒక సంతకం నేర్పిన పాఠం

1997లో నేను కోవిల్‌పట్టిలో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. ఒకనాడు కిరాణా వ్యాపారి ఒకాయన తన కొడుకు పేర ఖాతా తెరవడానికి వచ్చారు. దరఖాస్తులో పిల్లవాడి పేరు షాహిద్ అని ఉంది. పత్రికల్లో చూసే మాటే కదా అనుకొని, "ఏమండీ, పసివాడికి చావును గుర్తుచేసే పేరు పెట్టారేం?" అనేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "అది షహీద్ కాదు సార్, షాహిద్. సాక్షి అని అర్థం" అన్నారు. అంతలో పక్క కౌంటరులో ఒక ముసలమ్మ వేలిముద్రకు సాక్షి కావలసి వచ్చింది. ఆయనే వెళ్లి సంతకం చేసి, "ఇప్పుడు నేనూ షాహిద్‌నే సార్" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

తర్వాత తెలిసినవారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులు మన కుటుంబాలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

షాహిద్, షహీద్ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టాయి. చూడటం, సాక్ష్యం చెప్పడం దాని మూలార్థం. ఖురాన్‌లో షహీద్ అన్న మాట ఎక్కువ చోట్ల సాక్షి అన్న అర్థంలోనే వస్తుంది. భగవంతుని తొంభైతొమ్మిది నామాల్లో అదీ ఒకటి. ముస్లిముల విశ్వాస ప్రకటనకు షహాదా అని పేరు. ఉర్దూ న్యాయభాషలో షహాదత్ అంటే సాక్ష్యమే. విచిత్రమేమంటే ఇంగ్లీషువారి 'మార్టిర్' కూడా సాక్షి అనే అర్థం గల గ్రీకు మాట నుండే వచ్చింది. నమ్మినదానికి ప్రాణంతో సాక్ష్యం చెప్పినవాడని భావం.

ఇది యుద్ధంలో మరణించినవారికే పరిమితమైన మాట కాదు. మహమ్మారి వల్ల, నీట మునిగి, గోడ కూలి మరణించినవారిని, కాన్పులో కన్నుమూసిన తల్లిని కూడా హదీసులు షహీదుల్లో చేర్చాయి. మతం గడప దాటి కూడా ఈ మాట నడిచింది. 1931లో ఉరికంబమెక్కిన భగత్‌సింగ్‌ను దేశమంతా షహీద్ అంటుంది. 1952 ఫిబ్రవరి 21న మాతృభాష కోసం ఢాకాలో నేలకొరిగినవారి స్మారకం పేరు షహీద్ మినార్. మనకు దగ్గరలోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఇబ్రహీం షహీద్ దర్గా ఉంది. అక్కడి చందనకూడు ఉత్సవానికి హిందువులూ వెళతారు.

మరి మన మాటలో? కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారులో 1799 అక్టోబరు 16న ఉరితీయబడిన కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల వంశీకుడు. అదే ఏడు మే నెలలో శ్రీరంగపట్టణంలో మరణించిన టిప్పు సుల్తాన్ షహీద్ అనిపించుకుంటే, తమిళ దేశంలో కట్టబొమ్మన్ వీరుడు, త్యాగి అనిపించుకున్నాడు. తమిళంలో త్యాగి అంటే బతికున్న స్వాతంత్ర్య యోధుడు కూడా. పింఛను కోసం మా కౌంటరుకు వచ్చిన వృద్ధ త్యాగులకు నేనే చేతులతో డబ్బు అందించాను.

తరువాత నాకు విరుదునగరు బదిలీ అయింది. మదరాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టడం మొదలైన కోరికలతో 1956 జూలై 27న శంకరలింగనార్ నిరాహారదీక్షకు కూర్చున్నది ఆ ఊళ్లోనే. అక్టోబరు 13న ఆయన కన్నుమూశారు. ఆయన పేరు వినగానే నాకు 1952 డిసెంబరు 15న, 58 రోజుల దీక్ష తర్వాత, మదరాసులో ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములుగారే గుర్తొచ్చారు. తమిళులు ఆయనను త్యాగి అంటే మనం ఈయనను అమరజీవి అన్నాం.

త్యాగి అన్న మాట విడిచిపెట్టినదాన్ని చూస్తుంది. అమరుడు అన్నది చావులేనితనాన్ని చూస్తుంది. షహీద్ అన్నది సాక్ష్యాన్ని చూస్తుంది. దైవమార్గంలో ప్రాణం విడిచినవారిని మృతులనుకోవద్దని ఖురాన్ చెబుతుంది. మన అమరుడిలో ఉన్నదీ ఆ భావమే కదా!

అమాయకులను చంపినవారు కూడా ఈ మాటను తమకు తగిలించుకుంటున్నారు, నిజమే. అందుకని మాటనే అనుమానించడం, ఆ పేరు పెట్టుకున్న పసివాణ్ణి అనుమానించడం న్యాయం కాదు. తమిళనాట తెలుగు పేర్లతో పెరిగిన మనకు, పేరు చూసి పరాయివాళ్లను చేస్తే ఎలా ఉంటుందో తెలియనిది కాదు. బడిలో మన పిల్లలకు తెలియని పేరు వినబడితే, ముందు దాని అర్థం అడిగి తెలుసుకోమని చెబుదాం.

కళ్లారా చూసినదానికే సాక్షి సంతకం పెట్టాలని బ్యాంకులో నియమం. ఆనాడు కౌంటరులో ఆ నియమం పాటించినవారు ఆ వ్యాపారి. పాటించనివాణ్ణి నేను.