చెట్టు మీద వడ్రంగి

టక్... టక్... టక్... చెట్టు మీద ఎవరో ఉలితో కొడుతున్నట్టు చప్పుడు. తలెత్తి చూస్తే మనిషి లేడు. ఒక పిట్ట ఉంది. అదే వడ్రంగి పిట్ట.

కాచిగూడ నుంచి తార్నాక వైపు వెళ్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తుంది. అది 1918లో మొదలైంది. చుట్టూ ఊరు పెరిగింది. లోపల ఇంకా పెద్ద చెట్లు ఉన్నాయి. వడ్రంగి పిట్ట బతకడానికి ఇలాంటి చోటే కావాలి.

హైదరాబాదులో కనిపించే వడ్రంగి పిట్టల్లో ఒకదాని వీపు బంగారు రంగులో మెరుస్తుంది. మగదానికి నెత్తి అంతా ఎరుపు. ఆడదానికి వెనక కుచ్చు మాత్రమే ఎరుపు. ముందు నలుపు మీద తెల్ల చుక్కలు ఉంటాయి.

ఈ పిట్ట నిలువు మానును పట్టుకుని ఎక్కుతుంది. గట్టి తోకను ఊతగా ఆనిస్తుంది. ముక్కుతో బెరడు పొడుస్తుంది. పొడవాటి నాలుక చాపి చీమల్ని, పురుగుల్ని లాగి తింటుంది.

ఇద్దరూ కలిసి కట్టే ఇల్లు

గూటికి ఇది పుల్లలు ఏరదు. ఎండిన కొమ్మలోనో, పుచ్చిన మానులోనో తొర్ర తొలుస్తుంది. ఆడా మగా ఇద్దరూ తొలుస్తాయి. లోపల గడ్డి పరవవు. రెండో మూడో తెల్లని గుడ్లు పెడుతుంది. సుమారు 11 రోజులకు పిల్లలు వస్తాయి. ఇంకో 20 రోజులకు ఎగిరిపోతాయి. గుడ్లు పొదగడం, పిల్లలకు మేత పెట్టడం ఇద్దరి పనీ. చాలా రకాల వడ్రంగి పిట్టల్లో రాత్రిపూట పొదిగేది మగదే!

కలిసి ఉంటే మేలు

ఇవి జంటగా తిరుగుతాయి. ఒక్కోసారి వేరే పిట్టల గుంపులోనూ కలుస్తాయి. పది కళ్ళు చూస్తుంటే డేగ వచ్చేది ముందే తెలుస్తుంది కదా! అమెరికాలో ఒక రకం వడ్రంగి పిట్టలు ఉమ్మడి కుటుంబంగా ఉంటాయి. ఒకే చెట్టుకు వేల కన్నాలు పొడిచి, గింజలు దాచుకుంటాయి. పిల్లల్ని అందరూ కలిసి సాకుతాయి.

ఎండిన చెట్టు పనికిరానిదా?

వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రలో గోరింకలు, చిలకలు, చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. వాటికి తొర్ర తొలిచే ముక్కు లేదు. ఎండిన చెట్టు వంటచెరుకుకు తప్ప ఎందుకూ పనికిరాదని మనం అనుకుంటాం. అది నరికితే ఇన్ని కాపురాలూ పోతాయి. ఇంటి మీద, దారి మీద పడేలా ఉంటే తీయక తప్పదు. అప్పుడు కూడా తొర్రలో పిల్లలు ఉన్నాయేమో ముందు చూడాలి. అడవి పక్షుల గూళ్ళు పాడుచేయడం, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

చూడండి, రాయండి

పక్షుల శాస్త్రజ్ఞుడు సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానం అంతా తిరిగి పక్షుల్ని చూశారు. చూసినవి రాసిపెట్టారు. మీకూ ఇప్పుడు రాయడం వచ్చు. మీ వీధిలో తొర్ర ఉందా? దూరంగా నిలబడి చూడండి. తేదీ వేయండి. ఏ పిట్ట లోపలికి వెళ్ళింది? ఏం తెచ్చింది? ఒక్కో మాటే రాయండి. రాసింది పక్కింటి అక్కకు చదివి వినిపించండి.