ఇరుకు రోడ్లపై కొత్త నివాస సముదాయాలు - వాహన రద్దీ, భద్రత
(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగరాలు, పట్టణాలలోని పాత కాలనీలలో వ్యక్తిగత గృహాల స్థానంలో బహుళ అంతస్తుల అపార్టుమెంట్లు వెలుస్తున్నాయి. పెరుగుతున్న జనాభాకు ఇవి అవసరమే. అయితే 20, 30 అడుగుల రోడ్లపై ఇటువంటి నిర్మాణం తలపెట్టిన ప్రతిసారీ స్థానికులు రహదారి భద్రతపై ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. ఈ ఆందోళనలో ఎంతవరకు వాస్తవముందో, నిబంధనలు ఏమి చెబుతున్నాయో పరిశీలించవలసి ఉంది.

ఒక ఇంటి స్థలంలో పది ఫ్లాట్ల భవనం వచ్చిందనుకుందాం. ఫ్లాటుకు ఒక కారు, ఒక ద్విచక్ర వాహనం చొప్పున లెక్కించినా 20 వాహనాలవుతాయి. అవి రోజుకు ఒకసారి వెళ్లి వచ్చినా 40 రాకపోకలు. అదే వీధిలో అటువంటి భవనాలు ఐదు వస్తే 200 రాకపోకలు. వీటిలో అధిక భాగం పిల్లలు బడికి వెళ్లే ఉదయం వేళలోనే ఉంటాయి.

30 అడుగుల రోడ్డు అంటే సుమారు 9 మీటర్లు. ఇరువైపులా ఇళ్ల ర్యాంపులు, విద్యుత్ స్తంభాలు, చెట్లు మీటరు చొప్పున ఆక్రమిస్తే 7 మీటర్లు మిగులుతుంది. రెండు వైపులా కార్లు నిలిపితే మరో 4 మీటర్లు పోయి, రాకపోకలకు దక్కేది 3 మీటర్లు మాత్రమే. సుమారు రెండున్నర మీటర్ల వెడల్పుండే అగ్నిమాపక శకటం అందులో మలుపు తిరగడం దుస్సాధ్యం. కాలిబాట లేని చోట పాదచారి ఆ 3 మీటర్లలోనే నడవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 11 మీటర్లు ముందుకు సాగుతుంది. నిలిపిన కార్ల మధ్య నుంచి ఒక బాలుడు హఠాత్తుగా రోడ్డుపైకి వస్తే డ్రైవరుకు ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులే కావడం గమనార్హం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 7-4-2012న జి.ఓ.ఎం.ఎస్. నెం. 168 ద్వారా జారీ అయిన భవన నిర్మాణ నియమావళి ఈ అంశాలను పరిగణనలోకి తీసుకున్నది. భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపెట్టి, 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తైన భవనాలకు కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలని నిర్దేశించింది. రోడ్డు నిర్దేశిత వెడల్పు కంటే తక్కువగా ఉంటే, విస్తరణకు కావలసిన భాగాన్ని యజమాని వదలవలసి ఉంటుంది. 12 మీటర్ల లోపు రోడ్ల కూడలిలో మూలస్థలాన్ని 3 మీటర్ల చొప్పున కోసి వదలాలన్న నిబంధన, ఎదురు వాహనం కనిపించేందుకు ఉద్దేశించినది. పార్కింగ్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం సందర్శకులకు కేటాయించాలి. పార్కింగ్ స్థలాన్ని ఇతర అవసరాలకు వినియోగిస్తే తొలగించే అధికారం కూడా ఈ నియమావళి కల్పించింది.

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 600 చదరపు గజాల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఎత్తుగల గృహాలకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి విధానాన్ని ప్రవేశపెట్టింది. దీనివలన దరఖాస్తుదారులకు కాలయాపన తప్పింది. అదే సమయంలో రోడ్డు వెడల్పును ఉన్నదున్నట్లు ప్రకటించవలసిన బాధ్యత వారిపై పడింది.

నిబంధనలున్నప్పటికీ సమస్య తలెత్తడానికి ప్రధాన కారణాలు రెండు. మొదటిది, అనుమతి ఒక్కొక్క భవనానికి విడివిడిగా లభిస్తుంది. వీధిపై పడే భారం మాత్రం అన్ని భవనాలదీ కలిపి ఉంటుంది. రెండవది, విస్తరణ కోసం వదలిన స్థలం ఇంటింటికీ ముక్కలుగా ఉంటుంది. పక్క ఇల్లు పాతదే అయితే రోడ్డు అక్కడ మళ్లీ కుదించుకుపోతుంది. వదలిన ముక్క జనరేటరుకో, వాహనాల నిలుపుదలకో ఉపయోగపడుతున్నది తప్ప బాటసారికి అందడం లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ఇందుకు కొన్ని మార్గాలు చూపుతున్నది. సెక్షన్ 112 కింద వేగ పరిమితులు, సెక్షన్ 115 కింద భారీ వాహనాలపై ఆంక్షలు, సెక్షన్ 117 కింద పార్కింగ్ స్థలాలు నిర్ణయించవచ్చును. నిర్మాణ సమయంలో ఇసుక, కంకర లారీలు బడివేళల్లో రాకుండా సెక్షన్ 115ను వినియోగించవచ్చును. జనం, వాహనాలు కలిసి సంచరించే చోట గంటకు 30 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని 2020 ఫిబ్రవరి నాటి స్టాక్‌హోం ప్రకటన సూచించింది. స్పీడు బ్రేకర్లను ఇష్టానుసారం నిర్మించరాదు. వేగాన్ని 25 కిలోమీటర్లకు తగ్గించే గుండ్రని బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు కలిగి ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణాలు నిర్దేశించాయి. నిటారుగా కట్టిన దిబ్బలు ద్విచక్ర వాహనదారులకు ప్రమాదకరం.

నివాసయోగ్యతా పత్రం జారీకి ముందు క్షేత్రస్థాయి తనిఖీలో అధికారులు సెట్‌బ్యాకులతో పాటు వదలిన రోడ్డు భాగం, కూడలి మూల, పార్కింగ్ స్థలం వాస్తవంగా అందుబాటులో ఉన్నవో లేవో చూడడం అత్యంత కీలకం. భవనంలో కుటుంబాలు చేరిన తరువాత వీటిని సరిదిద్దడం కష్టసాధ్యమవుతుంది. కొత్తగా ఇల్లు కొనుక్కొన్న కుటుంబానికీ, ఏళ్ల తరబడి అదే వీధిలో నివసిస్తున్న వృద్ధులకూ సురక్షితంగా గడప దాటే హక్కు సమానమే. పురపాలక, ట్రాఫిక్ పోలీసు, అగ్నిమాపక శాఖలు వీధిని ఒకే ప్రమాణంగా తీసుకుని సమన్వయంతో పరిశీలించినపుడే ఆ హక్కుకు రక్షణ లభిస్తుంది.