క్యాన్సర్‌పైకి వైరస్: 21 మందిలో ఆశ, 692 మందిలో పరీక్ష

పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ జన్యువులను మార్చి తయారుచేసిన క్యాన్సర్ మందు టి-వెక్. శస్త్రచికిత్సతో తొలగించలేని మెలనోమా అనే చర్మక్యాన్సర్ గడ్డల్లోకి దీన్ని నేరుగా ఎక్కిస్తారు. అమెరికాలో 2015లో దీనికి అనుమతి లభించింది.

ఈ వైరస్ క్యాన్సర్ కణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది. బయటపడిన ప్రోటీన్ల ఆధారంగా రోగనిరోధక టి-కణాలు క్యాన్సర్‌ను గుర్తుపడతాయి. అయితే టి-కణాలపై ఉండే పిడి-1 అనే బ్రేకును క్యాన్సర్ కణాలు నొక్కేస్తాయి. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకు పడకుండా చూస్తుంది. మరి రెండూ కలిపి ఇస్తే?

2017లో వెలువడిన అధ్యయనంలో 21 మంది రోగులకు గాను 13 మందిలో గడ్డలు తగ్గాయి. కానీ పోల్చిచూసేందుకు అందులో మరో బృందం లేదు. తర్వాత 692 మందిని రెండు బృందాలు చేశారు. అందరికీ పెంబ్రోలిజుమాబ్ ఇస్తూ, ఒక బృందానికి టి-వెక్, రెండో బృందానికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. గడ్డలు తగ్గినవారు మొదటి బృందంలో 48.6 శాతం, రెండోదానిలో 41.3 శాతం. వ్యాధి ముదరకుండా గడిచిన కాలంలోగానీ, రోగులు జీవించిన కాలంలోగానీ గణాంకపరంగా నికరమైన తేడా కనిపించలేదు.

దాంతో ప్రశ్న మారింది. ఇమ్యునోథెరపీ పనిచేయనివారికైనా వైరస్ తోడ్పడుతుందా? అలాంటి 140 మందికి ఆర్‌పి1 అనే మరో హెర్పిస్ వైరస్‌ను నివోలుమాబ్‌తో కలిపి ఇస్తే, దాదాపు మూడోవంతు మందిలో గడ్డలు తగ్గాయి. ఇక్కడా పోలిక బృందం లేదు. అందుకే ఆ లోటు తీర్చే పెద్ద పరీక్ష మొదలైంది. ఈ జోడీ విలువ తేల్చాల్సింది అదే.