యంత్రశాస్త్రమున పరిశోధన పట్టము

ఇంజనీరింగు పట్టము చేతికి వచ్చిన పిల్లవాడో, పిల్లయో “ఇక మాస్టర్సు చదివెదను” అన్నప్పుడు ఇంటిలోని పెద్దలు సాధారణముగ రెండు ప్రశ్నలు వేయుదురు. ఎక్కడ? ఎంత ఖర్చు? వేయవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు. ఏ విధమైన మాస్టర్సు? దీనికి సమాధానము తెలియనిదే మొదటి రెండింటికిని సరియైన సమాధానము దొరకదు. ఏలన, ఒకే పేరున చెలామణి యగుచున్న ఈ చదువునకు రెండు మార్గములు కలవు. ఒకటి పాఠములు విని, పరీక్షలు వ్రాసి ముగించునది. రెండవది ఒక ప్రశ్నను పట్టుకొని, దానికి సమాధానము వెదకి, ఆ వెదకిన తీరును సిద్ధాంత వ్యాసముగ వ్రాసి ఇచ్చునది. ఈ రెండవ దానిని గూర్చియే మేము ముచ్చటింపదలచితిమి.

కెనడా దేశమున అంటారియో రాష్ట్రమునందలి వాటర్లూ విశ్వవిద్యాలయమును దృష్టాంతముగ గైకొందము. 1957లో 74 మంది ఇంజనీరింగు విద్యార్థులతో ప్రారంభమైన ఆ సంస్థలో నేడు మెకానికల్ అండ్ మెకట్రానిక్స్ ఇంజనీరింగు అను శాఖ యొకటి కలదు. అచట ‘మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగు’ అనునది పాఠముల పట్టము. ‘మాస్టర్ ఆఫ్ అప్లయిడ్ సైన్సు’ అనునది పరిశోధన పట్టము. పేర్లు రెండును అప్పచెల్లెండ్రవలె నుండుటచే దరఖాస్తు నాడే పొరబడుటకు అవకాశము మెండు. మొదటి దానికి ఫీజు సాధారణముగ విద్యార్థియే భరించుకొనవలెను. రెండవ దానిలో పాఠ్యాంశములు కొద్ది. కాలములో అధికభాగము పరిశోధనకే. దానికి పర్యవేక్షకుడైన ఆచార్యుని పరిశోధన నిధి నుండియు, చిన్న తరగతులకు బోధనలో తోడ్పడుట వలనను కొంత ధనము విద్యార్థికి లభించును. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు చేసియో బిడ్డను పంపదలచిన కుటుంబమునకు ఈ భేదము చిన్నది కాదు.

మన దేశముననే ఇట్టి చదువు కలదని పలువు రెరుగరు. మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన ద్వారా పొందు ఎం.ఎస్., బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఎం.టెక్ రీసెర్చ్ అను పట్టములు ఈ కోవలోనివే.

ఇక మెకట్రానిక్స్ అన నేమి? జపాను దేశపు యస్కవా కంపెనీలో ఇంజనీరుగా నుండిన టెట్సురో మోరి 1969లో కల్పించిన మాట ఇది. మెకానిజం, ఎలక్ట్రానిక్స్ అను రెండు మాటల కలయిక. యంత్రమునకు ఎముకలును కండరములును మాత్రమే కాక, స్పర్శయు, ఆలోచనయు నుండవలెనన్నచో కావలసిన విద్య యిదియే.

పాత వాల్వు రేడియోను ఎరిగిన వారికి ఈ విద్య యొక్క చిక్కు సులభముగ బోధపడును. స్టేషను కొరకు మీట త్రిప్పెదము. ముల్లు కదలదు. మరికొంచెము త్రిప్పగానే ఒక్కుమ్మడిగ స్టేషను దాటిపోవును. వెనుకకు త్రిప్పిన మరల అదియే తంతు. ముల్లును లాగు దారము సాగుటయు, కదలని వస్తువును కదల్చుటకు కదులుచున్న దానిని నడపుట కంటె ఎక్కువ బలము పట్టుటయు దీనికి కారణములు. ఇందు చేయి మోటారు, చెవి సెన్సరు, మనస్సు నియంత్రణ. మనము ఒకటి రెండు మారులు తప్పి, మూడవ మారు మెల్లగ సరిచేసికొందుము.

కర్మాగారమందలి మరచేతికి ఇదే కష్టము వచ్చును. గమ్యమునకు వెంట్రుకవాసి దూరమున అది రాపిడిచే నిలిచిపోయినదనుకొందము. ఆ మిగిలిన లోటును క్షణక్షణము కూడబెట్టుచు బలము పెంచు నియంత్రణ పద్ధతి యొకటి విస్తారముగ వాడుకలో నున్నది. బలము పెరిగి పెరిగి చేయి విడివడును, గమ్యమును దాటును, ఆవలి ప్రక్కన మరల అంటుకొనును. ఇట్లు ఇటునటు ఊగుచునే యుండును. రాపిడిని ముందుగ లెక్కగట్టి, దానికి సరిపడు బలమును చేర్చుట ఒక మందు. కాని యంత్రము పనిచేసి వేడెక్కిన కొలది లోపలి గ్రీజు పలుచబడి రాపిడి మారిపోవును. ఉదయము సరిపోయిన లెక్క మధ్యాహ్నమునకు సరిపోదు. ఆ మార్పును యంత్రము తానే కనిపెట్టి సవరించుకొనగలదా? పరిశోధన విద్యార్థి పట్టుకొను ప్రశ్న ఇంత ఇరుకుగ నుండును. ఇంత ఇరుకుగ నుండుటయే మంచిది. “రోబోల మీద పరిశోధన చేసెదను” అనుట “సముద్రము మీద ఈదెదను” అనుట వంటిది.

ప్రశ్న దొరికిన పిదప ఇతరులు అంతవరకు చేసినదంతయు చదువవలెను. లెక్కలు కట్టవలెను. కంప్యూటరుపై నమూనా నడపవలెను. పిమ్మట అసలు యంత్రమును బిగింపవలెను. కంప్యూటరుపై చక్కగ నడచినది బల్లపై నడువకుండుట ఇందు నిత్యకృత్యము. తీగ వదులైనదో, సెన్సరు తప్పు చెప్పుచున్నదో, ఆలోచనయే తప్పో తేల్చుకొనుటకు వారములు పట్టును. ఇంటినుండి “చదువు ఎంతవరకు వచ్చినది?” అని అడిగిన చెప్పుటకు మార్కు లుండవు. తల్లిదండ్రులు ఈ సంగతి ముందే ఎరిగియుండుట మేలు. తలచిన ఉపాయము ఫలింపకపోయినను, ఏల ఫలింపలేదో నికరమైన కొలతలతో చూపగలిగిన అదియు వ్యాసమునకు పనికివచ్చును.

కావున విశ్వవిద్యాలయము పేరు కంటె పర్యవేక్షకుని ఎన్నిక ముఖ్యమని మా అభిప్రాయము. ఆయన ఇటీవల ప్రకటించిన వ్యాసములు రెండైనను చదివి, అందులో తనకు కలిగిన సందేహ మొకటి తెలుపుచు ఉత్తరము వ్రాయవలెను. వందమందికి ఒకే ఉత్తరము పంపుట వృథా ప్రయాస. ఆయన కడ ఇంతకుముందు చదివిన వారు ఎంతకాలమున ముగించిరో, పిమ్మట ఏమైరో విచారించుటలో తప్పు లేదు. పెండ్లి సంబంధమునకే అంత విచారింతుము గదా!

త్వరగ ఉద్యోగము కావలసిన వారికి పాఠముల పట్టమే దగ్గరి త్రోవ కావచ్చును, అందు చిన్నతన మేమియు లేదు. డాక్టరేటు చేయవలెనో వద్దో తేల్చుకొనలేని వారికి మాత్రము ఈ రెండేండ్లు మంచి పరీక్ష. ఒక ప్రశ్నతో కాపురము చేయుట తన స్వభావమునకు సరిపడునో లేదో అప్పటికి తెలిసిపోవును. సరిపడదని తేలినను చేతిలో పట్టము ఉండును, యంత్రమును విప్పి బిగించిన అనుభవము ఉండును.